ఆ పిల్లలకూ ఇరవై ఏళ్ళొస్తాయి

ఆటిజం అనగానే మనకు మూడేళ్ళ పసివాడే గుర్తొస్తాడు. పిలిస్తే పలకడు, బొమ్మ కారు చక్రాన్ని గంటల తరబడి తిప్పుతూ కూర్చుంటాడు, మాటలు రాలేదని తల్లి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంటుంది. ఏటా ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం నాడు వచ్చే వ్యాసాలూ, టీవీల్లో డాక్టర్ల మాటలూ ఎక్కువగా ఆ వయసు చుట్టూనే తిరుగుతాయి. ఎంత తొందరగా గుర్తిస్తే అంత మేలన్నది నిజం. కానీ ఆ పసివాడు పెరుగుతాడు. పదిహేనేళ్ళకు నూనూగు మీసాలొస్తాయి. ఇరవై ఏళ్ళకు తండ్రి కంటే పొడవవుతాడు. అప్పుడు అతని గురించి మాట్లాడేవాళ్ళు కనిపించరు.

వ్యవస్థ కూడా అక్కడే చేతులు దులుపుకుంటుంది. పిల్లల్లో లోపాలను ముందే గుర్తించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ళ వరకే. స్పెషల్ స్కూలైనా, మామూలు బడైనా ఓ వయసు వరకే. ఆ తర్వాత ఇల్లు, ఫోను, అమ్మ. తోటి వయసువాళ్ళు హాస్టళ్ళకూ ఉద్యోగాలకూ వెళ్ళిపోతుంటారు. ఇతని ఫోన్‌లో మాత్రం అమ్మ, నాన్న, థెరపిస్ట్ నంబర్లే ఉంటాయి. నాకు తెలిసిన తల్లిదండ్రులు మొదట అడిగేది, "మా తర్వాత వీణ్ణెవరు చూస్తారు?" అని. రెండో ప్రశ్న, "వీడికి ఒక్క స్నేహితుడైనా దొరుకుతాడా?" అని. మొదటిదానికి గార్డియన్‌షిప్ అనో, బీమా అనో ఏదో ఒక జవాబు వెతుక్కోవచ్చు. రెండోదానికి జవాబు ఏ ఆఫీసులోనూ దొరకదు, మనుషుల దగ్గరే దొరకాలి. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి.

నేను డాక్టరును కాను, స్పెషల్ ఎడ్యుకేటర్‌నూ కాను. సికింద్రాబాద్‌లో రైల్వే రిజర్వేషన్ కౌంటర్ వెనక కూర్చుని ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా ఎదురింటి అబ్బాయిని ఆదివారాలు సోషల్ స్కిల్స్ గ్రూపుకు తీసుకెళ్ళడానికి తోడు కావాలంటే వెళ్ళాను. కొన్నేళ్ళుగా అక్కడే వాలంటీరుగా ఉంటున్నాను. పదహారు నుంచి ఇరవై ఏడేళ్ళ వయసున్న అబ్బాయిలు, అమ్మాయిలు వస్తారు. వాళ్ళలో ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్ళున్నారు, నోటితో ఒక వాక్యం పూర్తి చెయ్యలేక ఫోన్‌లో టైపు చేసి చూపించేవాళ్ళూ ఉన్నారు. ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ మేడమ్ నడిపిస్తారు. ఆ రోజు ఏది ముందు, ఏది తర్వాత, ఎన్నింటికి ముగుస్తుంది అన్నీ బోర్డు మీద రాసి ఉంటాయి. ఏదైనా మారితే ముందే చెప్తారు.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఇలాంటి గ్రూపులు ప్రతి పట్టణంలోనూ కావాలి. అయితే అవి మనలా నటించడం నేర్పే చోట్లు కాకూడదు. మనుషుల మధ్య మసలుకోవడమన్నది ఇద్దరి పని. అందులో సగం ఆ పిల్లలు కష్టపడి నేర్చుకుంటున్నారు. మిగతా సగం మనం నేర్చుకోవాలి.

గ్రూపులో నాకు అప్పగించిన పని కౌంటర్. ఒక బల్ల, దాని మీద అట్టతో చేసిన కిటికీ, పక్కన రిజర్వేషన్ ఫారాల కట్ట. ఒక్కొక్కరే ఫారం నింపుకుని వచ్చి ఇవ్వాలి. ఫారం నింపడంలో వాళ్ళకు తిరుగులేదు. బండి నంబరు, ప్రయాణ తేదీ, ఎక్కే స్టేషను, దిగే స్టేషను, ఆరుగురి దాకా పేర్లూ వయసులూ అన్నీ గళ్ళు గళ్ళుగా ఉంటాయి కదా, ఏ గడిలో ఏం రాయాలో స్పష్టంగా ఉంటే వాళ్ళకు ధైర్యం. చిక్కంతా ఫారంలో లేని ప్రశ్న దగ్గర వస్తుంది.

ఒకసారి ఇరవై రెండేళ్ళ అబ్బాయి రాజమండ్రికి గోదావరి ఎక్స్‌ప్రెస్ రాసి తెచ్చాడు. "వెయిటింగ్ లిస్ట్ పన్నెండు ఉంది, ఇచ్చెయ్యమంటారా?" అని అడిగాను. నిలబడిపోయాడు. వేళ్ళు చొక్కా అంచును మెలిపెడుతున్నాయి. చూపు నా మీద లేదు, కిటికీ పక్కన గోడ మీద ఉంది. వెనక వరసలో ఉన్నవాళ్ళు తొందరపెట్టకూడదని మా నియమం. నేనూ ప్రశ్నను మళ్ళీ అడగలేదు. మళ్ళీ అడిగితే అతను అప్పటిదాకా ఆలోచించినదంతా పోతుంది, మొదటినుంచీ మొదలుపెట్టాలి. కాసేపటికి, "పన్నెండు కన్‌ఫర్మ్ అవుతుందా, అవదా?" అన్నాడు. "ఖాయంగా చెప్పలేం బాబూ" అన్నాను. "అయితే వద్దండి. గౌతమిలో చూడండి" అన్నాడు. మామూలు ప్రయాణికుడు తీసుకునే నిర్ణయమే అతనూ తీసుకున్నాడు. కాస్త ఎక్కువసేపు పట్టింది, అంతే తేడా.

ఆ కాస్త సమయం అసలు కౌంటర్ దగ్గర దొరుకుతుందా? వెనకనుంచి "ఏంటి బాబూ, నిద్రపోతున్నావా?" అంటారు. లోపల కూర్చున్న మనిషి వరస చూసి, "తర్వాత ఎవరు?" అనేస్తాడు. అందుకని మా గ్రూపులో అందరికీ ఒక వాక్యం అలవాటు చేయిస్తున్నాం: "కొంచెం ఆగండి, ఆలోచించి చెప్తాను." మాట రానివాళ్ళు అదే వాక్యం రాసిన కార్డు చూపిస్తారు. ఈ ఒక్క వాక్యంతో బ్యాంకులో, మెడికల్ షాపులో, మెట్రో స్టేషన్‌లో సగం ఇబ్బందులు తీరతాయి. అయితే అది పనిచెయ్యాలంటే అవతలి మనిషి నిజంగా ఆగాలి. ఆగడం మన వంతు.

ఇలాంటి గ్రూపుల్లో ఏం నేర్పాలన్న దానిపై చాలాకాలంగా చర్చ నడుస్తోంది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిజబెత్ లాగెసన్ రూపుదిద్దిన 'పీర్స్' కార్యక్రమం చాలా దేశాల్లో వాడుకలో ఉంది. వారానికో తరగతి చొప్పున కొన్ని నెలలు సాగుతుంది. మాటల్లోకి ఎలా కలవాలి, ఎప్పుడు తప్పుకోవాలి, ఎగతాళి చేస్తే ఏమనాలి, ఫోన్ సంభాషణ ఎలా ముగించాలి వంటివన్నీ మెట్లు మెట్లుగా విడగొట్టి చెప్తారు. తల్లిదండ్రులకూ అదే సమయంలో వేరుగా తరగతి జరుగుతుంది. అందులో పనికొచ్చేవి చాలా ఉన్నాయి. ఎవరూ నోరు విప్పి చెప్పని నియమాలను విప్పి చెప్పడం ఆ పిల్లలకు పెద్ద మేలు.

చిక్కు ఇంకో చోట ఉంది. చాలామంది తల్లిదండ్రులు, కొందరు థెరపిస్టులు కోరుకునేది ఆటిజం బయటికి కనిపించకుండా ఉండడం. "చేతులు ఊపకు." "కళ్ళలోకి చూసి మాట్లాడు." "రైళ్ళ గురించి ఎత్తకు." ఇలా రోజంతా తనను తాను అణుచుకుంటూ నటించడాన్ని మాస్కింగ్ అంటున్నారు. లారా హల్, మరికొందరు పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా నటించేవాళ్ళు తమకు కలిగే విపరీతమైన అలసట గురించి చెప్పారు. సారా క్యాసిడీ బృందం 2018లో బ్రిటన్‌లో ఆటిజం ఉన్న పెద్దలపై చేసిన అధ్యయనం, ఈ నటనకూ ఆత్మహత్య ఆలోచనలకూ సంబంధం ఉందని తేల్చింది. మంచి మార్కులు తెచ్చుకుని, నలుగురిలో "బాగానే ఉన్నాడే" అనిపించుకుని, ఇంటికొచ్చి తలుపేసుకుని గంటల తరబడి ఎవరితోనూ మాట్లాడలేని పిల్లలను నేను చూశాను. బయట బాగున్నాడని మనం సంతోషపడుతున్న రోజే లోపల అతను అన్నిటికంటే ఎక్కువ అలిసిపోయి ఉండొచ్చు.

కళ్ళలోకి చూడమన్న పట్టుదల మనకు ఎక్కడిదో ఆలోచించండి. మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలిచి సర్టిఫికెట్ ఇవ్వడానికి వాడేది 'ఇసా' కొలమానం. అందులో 40 అంశాలున్నాయి. మొదటి అంశమే కళ్ళలో కళ్ళు పెట్టి చూడకపోవడం. గుర్తించడానికి అది ఒక లక్షణంగా ఉండొచ్చు. దాన్ని పట్టుకుని ఇరవై ఏళ్ళ మనిషి గడ్డం పైకెత్తి "ఇటు చూడు" అనడం వేరే సంగతి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ ముందు తలదించుకుని మాట్లాడిన కుర్రాణ్ణి వినయవంతుడన్నాం, కళ్ళలోకి చూస్తూ జవాబిచ్చినవాణ్ణి తలబిరుసు అన్నాం. ఇప్పుడు అదే తలదించుకోవడం ఆటిజం ఉన్న పిల్లాడిలో లోపమైంది. మా గ్రూపులో ఎవరినీ కళ్ళలోకి చూడమని అడగం. చాలామంది వేరే వైపు చూస్తున్నప్పుడే మన మాట బాగా వింటారు. కావాలంటే, "నేను వింటున్నాను, చూడకపోయినా ఏమనుకోవద్దు" అని చెప్పడం నేర్పుతాం.

మొదటి చూపులోనే తీర్పు చెప్పేయడం మన అలవాటు. నోవా ససాన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆటిజం ఉన్నవాళ్ళు మాట్లాడిన చిన్న చిన్న వీడియో ముక్కలు ఇతరులకు చూపిస్తే, కొన్ని సెకన్లలోనే వాళ్ళు తక్కువ మార్కులు వేశారు, వీళ్ళతో మాట కలపడానికి అంతగా ఇష్టపడమన్నారు. ఆటిజం ఉన్నవాళ్ళు మాట్లాడిన మాటలనే కాగితం మీద రాసి చదివిస్తే ఆ తేడా పోయింది. అంటే చెప్పిన విషయంలో లోటు లేదు. గొంతు, ముఖం, చేతుల కదలిక చూసి మనం ముందే దూరం జరిగామన్నమాట. కౌంటర్ వెనక ఉద్యోగం చేసినవాడిగా ఇది నాకు బాగా తెలిసిన నిజం. ఎదుటి మనిషి మర్యాదస్థుడా కాదా అన్నది అక్కడ అతను నోరు విప్పకముందే తేలిపోతుంది.

ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లోనే ఈ మాట అన్నారు. ఆటిజం ఉన్నవాళ్ళకు ఇతరుల మనసు తెలియదంటున్నారు సరే, ఇతరులకు ఆటిజం ఉన్నవాళ్ళ మనసు తెలుస్తోందా? అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంది కదా అన్నది ఆయన వాదన. ఆ తర్వాత ఎడిన్‌బరోలో క్యాథరిన్ క్రాంప్టన్ బృందం, ఒకరినుంచి ఒకరికి కథ చేరవేసే పద్ధతిలో పరిశీలించింది. ఆటిజం ఉన్నవాళ్ళు తమలో తాము సమాచారాన్ని ఇతరులతో సమానంగా చేరవెయ్యగలుగుతున్నారని 2020లో ప్రకటించింది.

ఇది తెలుసుకోవడానికి నాకు ఎడిన్‌బరో దాకా వెళ్ళే పని లేదు. మా హాలులో విరామం వేళ ఇద్దరు కుర్రాళ్ళు కిటికీ పక్కన నిలబడతారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, రోడ్డువైపే చూస్తుంటారు. "12727" అంటాడు ఒకడు. "గోదావరి. విశాఖపట్నం నుంచి హైదరాబాద్" అంటాడు రెండోవాడు. "10హెచ్?" "సికింద్రాబాద్, కొండాపూర్." "219?" "పటాన్‌చెరు." ఇలా సాగుతుంది. చూసిన వాలంటీర్లు కొందరు, "వీళ్ళను మాటల్లోకి దించండి సార్" అంటారు. వాళ్ళు మాట్లాడుకుంటున్నారు! ఒకరు అడుగుతున్నారు, ఒకరు చెప్తున్నారు, వంతు తప్పడం లేదు, ఇద్దరి ముఖాల్లోనూ వెలుగుంది. క్రికెట్ స్కోర్ల మీద గంటసేపు మాట్లాడుకునే మనం దాన్ని స్నేహం అంటాం. రైలు నంబర్ల మీద మాట్లాడుకుంటే ఎందుకు అనం? ఆ ఇద్దరిలో ఒకడికి జ్వరమొచ్చి రాకపోతే, రెండోవాడు నా దగ్గరికొచ్చి, "ఇవాళ 219 రాలేదు" అన్నాడు. ఆ బెంగను ఏ పరీక్షా కొలవలేదు.

అలాగని ఏమీ నేర్పక్కర్లేదని నేను అనడం లేదు. నేర్పవలసినవి చాలా ఉన్నాయి. అన్నిటికంటే ముందు నేర్పవలసింది కాదనడం.

చిన్నప్పటినుంచి ఈ పిల్లల చదువంతా చెప్పినట్టు చెయ్యడమే. కూర్చో అంటే కూర్చోవాలి, ఇవ్వు అంటే ఇవ్వాలి, చేస్తే "గుడ్ బాయ్", ఒక చాక్లెట్. అలా పెరిగిన పిల్లకు పంతొమ్మిదేళ్ళు వచ్చాక రోడ్డు మీద ఎవరో, "అమ్మా, ఒక్క కాల్ చేసుకుంటా, ఫోన్ ఇవ్వు" అంటే ఇచ్చేస్తుంది. ఫోన్ చేసి ఓటీపీ అడిగితే చెప్పేస్తుంది. తెలిసిన మనిషే భుజం మీద చెయ్యి వేస్తే తియ్యమనలేదు. తోటివాళ్ళు, "నువ్వెళ్ళి ఆ అమ్మాయి జడ లాగు, సరదాగా ఉంటుంది" అంటే అబ్బాయి వెళ్ళి లాగేస్తాడు, తన్నులు అతనికే పడతాయి. విధేయత నేర్పి వదిలేస్తే ఆ పిల్లలను ప్రమాదానికి అప్పగించినట్టే.

మా గ్రూపులో దీనికో అభ్యాసం ఉంది. నేను అపరిచితుణ్ణి. వచ్చి ఫోన్ అడుగుతాను. ఇవ్వకూడదు. ఒక అమ్మాయి వారాల తరబడి ప్రతిసారీ ఇచ్చేసేది. ఎందుకమ్మా అంటే, "పెద్దవాళ్ళు అడిగితే ఇవ్వాలి" అనేది. మేడమ్ ఆమెతో కూర్చుని, ఎవరికి ఇవ్వొచ్చో పేర్లు రాయించారు: అమ్మ, నాన్న, అక్క. ఆ జాబితాలో లేనివాళ్ళకు ఇవ్వకూడదు. ఓ ఆదివారం నేను చెయ్యి చాపితే ఫోన్ వెనక్కి దాచుకుని, "మీరు నా లిస్ట్‌లో లేరు. ఇవ్వను" అంది. చప్పట్లు కొందరి చెవులకు సూదుల్లా గుచ్చుకుంటాయి కాబట్టి మా హాలులో చేతులు పైకెత్తి ఊపుతాం. ఆ రోజు అందరి చేతులూ లేచాయి. తర్వాత వాళ్ళమ్మ వచ్చి, ఇంట్లో కూడా వద్దు, తినను, రాను అంటోందని చెప్పింది. ఆ తల్లికి మేడమ్ చెప్పిన మాటే నేనూ చెప్తాను: కాదనే హక్కు ఇంట్లో లేని పిల్లకు వీధిలో ధైర్యం రాదు.

అబ్బాయిలకు నచ్చిన అమ్మాయి విషయంలో నియమాలు కూడా సూటిగా చెప్పాలి. మెసేజ్ పెట్టి జవాబు రాకపోతే ఇంకొక్కసారి పెట్టొచ్చు, మూడోది పెట్టకూడదు. వెనకాల నడవకూడదు. అది ఆమెకు భయం కలిగిస్తుంది. సిగ్గుపడి ఈ మాటలు దాటవేసే ఇళ్ళే ఎక్కువ. ఎవరూ చెప్పక, సినిమాల్లో హీరో వెంటపడడం చూసి నేర్చుకున్న కుర్రాడు ఏదో ఒక రోజు పోలీస్ స్టేషన్‌లో నిలబడాల్సి వస్తుంది.

చట్టం మన వెనక ఉంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజాన్ని గుర్తించింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో ఆటిజాన్ని చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, బుద్ధిమాంద్యం, లెర్నింగ్ డిజెబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి ఒక శాతం ఉంది. కానీ చాలా ఉద్యోగాలు ఇంటర్వ్యూతో మొదలవుతాయి, ఇంటర్వ్యూ మొదటి చూపుతో మొదలవుతుంది. ఆ గదిలో కూర్చున్న అధికారికి ఎవరైనా ఏమైనా నేర్పారా? మేధోవైకల్యాలపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి మన సికింద్రాబాద్‌లోనే, బోయినపల్లి దగ్గర ఉంది. శిక్షణ ఇవ్వగల నిపుణులు మన దగ్గరే ఉన్నారు. ఆ శిక్షణ జిల్లాల్లోని బస్సు కండక్టర్లకూ, బ్యాంకు కౌంటర్లకూ, పోలీసులకూ, రైల్వే సిబ్బందికీ చేరడం లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ నేను కోరేవి మూడు. ప్రతి జిల్లా కేంద్రంలో 18 దాటిన ఆటిజం యువతకు వారానికో రోజు గ్రూపు నడపండి. గ్రంథాలయ హాలో, సెలవురోజు ఖాళీగా ఉండే స్కూలు గదో చాలు. శిక్షణ పొందిన ఒక స్పెషల్ ఎడ్యుకేటర్‌కు నెలజీతం ఇవ్వండి. ప్రజలతో వ్యవహరించే ప్రతి శాఖలో ఉద్యోగ శిక్షణలో ఒక పూట దీనికి కేటాయించండి, దాన్ని ఆటిజం ఉన్నవాళ్ళ చేతనే చెప్పించండి.

కాలేజీలకు ఇంకో మాట. ఎన్ఎస్ఎస్ విద్యార్థులు ఏడాదికి 120 గంటలు సేవ చెయ్యాలి. చెట్లు నాటడం, ర్యాలీలు చెయ్యడంతో పాటు ఆ గంటల్లో కొన్ని ఇటు మళ్ళించండి. అయితే ఒక్కరోజు వచ్చి ఫోటో దిగి వెళ్ళేవాళ్ళు మాకు వద్దు. కొత్త ముఖానికి అలవాటు పడడానికి ఈ పిల్లలకు వారాలు పడతాయి, అలవాటయ్యాక మానేస్తే వాళ్ళు దాన్ని చాలాకాలం మోస్తారు. కనీసం ఆరు నెలలు వస్తామన్నవాళ్ళే రండి. వచ్చేటప్పుడు సెంటు పూసుకోకండి, వాసన కొందరికి తలనొప్పి. అనుమతి లేకుండా ఫోటో తియ్యకండి. రాలేని రోజు ముందే చెప్పండి. జాలి వద్దు, మీకు నిజంగా ఇష్టమైన విషయం ఒకటి వెంట తెచ్చుకోండి. చదరంగమైనా, పాత పాటలైనా, బైకు ఇంజన్లైనా సరే. అది ఇష్టమున్నవాడు అక్కడ తప్పకుండా ఒకడుంటాడు.

ఇక ఇది చదువుతున్న మీకు. మీ అపార్ట్‌మెంట్‌లో, మీ వీధిలో, మీ చుట్టాల్లో ఇలాంటి అబ్బాయో అమ్మాయో ఉండే ఉంటారు. పెళ్ళిళ్ళకు పిలుస్తూ, "అబ్బాయికి ఇబ్బందేమో, మీరిద్దరే రండి" అనకండి. అతన్నీ పిలవండి, గోల తక్కువగా ఉండే ఓ మూల కుర్చీ వెయ్యండి. కలిసినప్పుడు వాళ్ళమ్మను అడగకుండా అతన్నే పలకరించండి. ఒక ప్రశ్నే అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి.